పసుపు కాపీ

గోడ గడియారంలో మూడూ ఐదయింది. పొద్దున పది నుంచి ఇప్పటిదాకా మూడో కిటికీకి వచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు, వాడు కూడా బాత్‌రూమ్ ఎటని అడిగి చక్కా పోయాడు. ఇరవై మూడేళ్లుగా ఈ కుటుంబ న్యాయస్థానంలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు, మూడో కిటికీ అంటే ఆమే, ‘మూడో కిటికీకి వెళ్లండి, ఆవిడ చూసుకుంటుంది’ అంటే విడాకులైనా భరణమైనా పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న పేచీ అయినా ఆవిడే చూసుకునేది, వరస మెట్లదాకా ఉండేది, క్యారేజీ మూత తీసేసరికి మూడు దాటేది, ఆ చల్లారిన తిండి తింటూ కూడా కిటికీలోంచి చెయ్యి చాపి ఎవరిదో ఒకరి కాగితం అందుకునేది. ఇవాళ ఒంటిగంటకే తినేసింది. వరస లేదు, నేలమీద గీతలున్నాయి. ఆకుపచ్చ గీత పట్టుకుని పోతే భరణం, నీలం గీత పట్టుకుని పోతే పిల్లలు, నారింజ రంగు గీతయితే విడాకులు, మూడూ గుమ్మం దగ్గర కలిసి బయల్దేరి హాలు మధ్యలో విడిపోయి ఒకటో కిటికీ వైపూ రెండో కిటికీ వైపూ రాసుకునే బల్లల వైపూ పోతాయి. మూడో కిటికీ దాకా ఏ గీతా రాలేదు. నాలుగు గజాల అవతలే ఒంపు తిరిగాయి, అప్పటిదాకా మన ఇంట్లో తిన్నవాళ్లు వీధిలో ఎదురుపడి మొహం తిప్పుకున్నట్టు. కిటికీ నెత్తిన మాత్రం కొత్త బోర్డు పెట్టారు: ‘ఇంకేమైనా అడగాలా?’ అడగడానికి ఏం మిగిల్చావే తల్లీ, అనుకుంది ఆమె.

తల్లి అంటే చీటీల పిల్ల, జనానికి కోర్టు పని తేలిక చేస్తానని వచ్చి ఈ గీతలూ కొత్త ఫారమూ తయారుచేసిన పిల్ల. ఆ పిల్ల అదిగో, బల్లల దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఫోను పట్టుకుని నిమిషాలు లెక్కపెడుతూ. లెక్కపెడుతున్నది ఆ బల్ల దగ్గర కూర్చుని, ఇవాళే మొదలైన కొత్త ఫారం నింపుతున్న ఒకావిడకి. ముప్పై ఏళ్లుంటాయేమో, ఒళ్లో పిల్లల బడిసంచి, పక్కన పిల్లలెవరూ లేరు. మూడో కిటికీకి ఆ సంచి చూడగానే అర్థమైపోయింది. ఇల్లు ఒక్కసారే, మళ్లీ రానని వదిలిపెట్టినవాళ్లు అలా వస్తారు, కాగితాలన్నీ ఒకే సంచిలో, టీకాల కార్డు దగ్గర్నుంచి బడి సర్టిఫికెట్ దాకా, ఎందుకంటే ఇంకో చోట పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. అన్ని కుర్చీలు ఖాళీగా ఉంటే గుమ్మం కనిపించేట్టు, వీపు గోడకి ఆనేట్టు చూసుకుని కూర్చుంది. ఫోను ఆపేసి ఉంది. ఆవిడ చకచకా రాసుకుపోయింది, మొదటి గడీ, రెండో గడీ, మూడో గడీ, నాలుగో గడీ దగ్గర కలం ఆగింది. ‘మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?’ అన్న గడీ అది. ఆవిడ తలెత్తింది. అటూ ఇటూ చూసింది. ఎవరో పంపినట్టు తిన్నగా మూడో కిటికీ వైపు చూసింది. సరిగ్గా అప్పుడే మూడో కిటికీ తలదించుకుని సొరుగులో ఏదో వెతకడం మొదలుపెట్టింది, ఏమీ పోలేదు, ఏమీ కావాలనీ లేదు, గుండుసూదుల డబ్బా తీసి మళ్లీ అక్కడే పెట్టింది. తలెత్తేసరికి ఆవిడ రాసేసింది. చీటీల పిల్ల ఫోను చూసుకుని సంబరంగా, “తొమ్మిది నిమిషాలు!” అంది. ఒకటో కిటికీ గుమాస్తా చప్పట్లు కొట్టాడు. ఒకే రాత పడ్డ మూడు కాపీల్లో తెల్ల కాగితం ఫైల్లోకి, గులాబీ కాగితం ఆవిడ చేతికి, పసుపు కాగితం కవర్లోకి, కవరు ట్రేలోకి. ట్రే ఉన్నది వెనకవైపు గుమ్మం దగ్గర, చీటీలు అంటించే పెద్ద బోర్డు చాటున. అక్కణ్ణుంచి నోటీసుల జవాను నాలుగింటికి పట్టుకెళ్తాడు. పసుపు కాపీ అవతలివాడికి పోతుంది, ఆవిడ ఎక్కడ దాక్కుందో ఆవిడ చేతిరాతతోనే వాడికి చెప్పడానికి.

నాలుగింటికి. ఇంకా యాభై నిమిషాలుంది. యాభై నిమిషాలంటే తక్కువేం కాదు, కంగారేముంది, అనుకుని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. వాలితే ఒళ్లు కుదురుగా లేదు. పోనీ, నాకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఎవరు చేసిన ఫారమో వాళ్లే చూసుకుంటారు, జడ్జిగారే పొద్దున అందరి ముందూ ఆ ఫారాన్ని చంటిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి చూపించారు కదా, ‘ఒక్కసారి రాస్తే మూడు కాపీలు, జిరాక్సుకి పరిగెత్తక్కర్లేదు, టైపు చేయించక్కర్లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు’ అన్నారు కదా. ఎవరి సాయమూ. ఆ మాట అంటున్నప్పుడు జడ్జిగారు ఎటూ చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు కాబట్టి. తర్వాత ధన్యవాదాలు చెప్పిన పట్టికలో ముద్రణాలయం యజమాని ఉన్నాడు, గీతలు వేసిన పెయింటర్ ఉన్నాడు, ఆఖర్న ‘మూడో కిటికీ సిబ్బంది’ అని ఉంది. మూడో కిటికీకి సిబ్బంది ఎందరు బాబూ? నేనూ, నా నీడానా?

కడుపుమంట అంటే ఏమిటో ఆమెకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవాళ పొద్దున చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె కూడా కొట్టింది, ఆ చప్పుడు తన చెవికే దెబ్బలాగా వినిపించింది. అసలు మంట ఏమిటంటే ఫారం బాగుంది. బాగోకపోతే ఎంత హాయిగా ఉండేది! ‘అర్జీదారు నివేదించుకొను విన్నపము’ అని మొదలయ్యే పాత ఫారం చూసి చదువుకున్నవాళ్లే బిక్కమొహం వేసేవారు, కొత్త ఫారం మొదటి ముక్క ‘మీకు ఏం కావాలి?’ అని ఉంది. ఇంత పెద్ద అక్షరాలతో. ఆ ముక్క ఎవరిదీ? ఈవిడది! ఇరవై మూడేళ్లుగా రోజుకి నలభైసార్లు ఈ కిటికీలోంచి ‘ఏడవకమ్మా, ముందు నీకు ఏం కావాలో చెప్పు’ అన్నది ఎవరు? ‘పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గర పడుకుంటున్నారు?’ అని ఉంది రెండో పేజీలో, అదీ ఈవిడదే, ‘సంరక్షణలో యున్నారు’ అంటే జనానికి అర్థం కాక అడ్డదిడ్డంగా చెబుతుంటే ఈవిడ కనిపెట్టిన ప్రశ్న. ఆ పిల్ల పక్కన కూర్చుని నోటుపుస్తకంలో గీకిగీకి రాసుకుపోయింది, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇవాళ ఊరందరికీ పంచిపెట్టింది. అయినా నిజం చెప్పుకోవాలి, రాసుకుంటానని అడిగే రాసుకుంది. తనే చెప్పింది. చెప్పమంటే పొంగిపోయి మరీ చెప్పింది.

మొదటి మూడు నెలలు ఆ పిల్ల కుర్చీ మూడో కిటికీ లోపలే, ఆమె కుర్చీకి ఆనుకుని ఉండేది. ‘డిజైన్ థింకింగు’ అంది వచ్చిన రోజు, పెద్ద గుమాస్తా అది కంప్యూటర్ పేరనుకున్నాడు. ‘అదేం లేదు సార్, ఎవరి కోసం పని చేస్తున్నామో వాళ్ల పక్కన కూర్చోవడం, వాళ్లెక్కడ ఆగిపోతున్నారో చూడ్డం, ఒకటి చేసి చూపించడం, తప్పయితే చింపేసి మళ్లీ చేయడం, అంతే’ అంది. చెప్పినట్టే కూర్చుంది. తల ఒక పక్కకి వంచి వినేది, ఆ వినడం చూస్తే గోడ కూడా కష్టాలు చెప్పుకుంటుంది. ఇంట్లో ఆయన పేపరు చదువుతూ ‘ఊఁ’ అంటాడు, పిల్లలు ఫోను చూస్తూ ‘ఆఁ’ అంటారు, ఇరవై మూడేళ్లలో ఆమె పని ఏమిటో కూర్చుని చూసిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. ‘అక్కా, ఆ కాగితం మూల ఎందుకు మడిచారు?’ ‘అక్కా, ఆయన్ని నిలబెట్టి ఆవిణ్ణి కూర్చోమన్నారెందుకు?’ చేతికి ఉంగరం ఎందుకు పెట్టుకున్నావని ఎవరైనా మొదటిసారి అడిగితే ఆడమనిషికి ఎలా ఉంటుందో అలా ఉండేది. ఆ రోజుల్లో ఆమె జుట్టు శ్రద్ధగా దువ్వుకుని వచ్చేది, అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు. తర్వాత ఒక సోమవారం వచ్చి చూస్తే పక్కన కుర్చీ లేదు. ఒకటో కిటికీలో ఉంది. ఆ పిల్ల తల పక్కకి వంచి ఒకటో కిటికీ గుమాస్తా చెప్పేది వింటోంది, వాడికేం తెలుసని, స్టాంపు తిరగేసి కొట్టేవాడు! ‘ఇక్కడిది అయిపోయిందక్కా, అక్కడ కూడా చూడాలి కదా’ అని నవ్వింది. అయిపోయిందట. కళ్లల్లో నిప్పులు పోసుకోవడం మొదలైంది ఫారం వల్ల కాదు, ఆ కుర్చీ వల్ల. ఆవేళ నుంచి ఆ పిల్ల పేరున్న సర్క్యులర్ ఏది వచ్చినా చదవకుండా సంతకం పారేయడం మొదలుపెట్టింది. చదవడమంటే గౌరవం ఇవ్వడమే కదా, ఇవ్వను పో.

ఒకరోజు ఆఫీసులో నాటకం ఆడించింది. పెద్ద గుమాస్తాకి ఇసుక నింపిన సంచి ఇచ్చి ‘ఇది మీ తొమ్మిది నెలల బిడ్డ, దించడానికి వీల్లేదు, వెళ్లి భరణం అర్జీ పెట్టుకురండి’ అంది. నాలుగు కౌంటర్లు తిరిగి ఆయన చెమటలు కక్కుతూ బిడ్డను బెంచీ మీద పడేసి ‘నాకీ పెళ్లీ వద్దు, విడాకులూ వద్దు’ అంటే అందరూ పడీపడీ నవ్వారు. జడ్జిగారిని బాత్‌రూమ్ వెతుక్కోమంది, పదకొండు నిమిషాలు పట్టింది. వరండా గోడ పొడుగూతా గోధుమరంగు కాగితం అంటించి, అర్జీ పెట్టుకున్న మనిషి ఇంటి దగ్గర బయల్దేరిన దగ్గర్నుంచి తీర్పు దాకా పడే పాట్లన్నీ చీటీలు చీటీలుగా అంటించింది, ఏడ్చిన చోట నీలం చీటీ, తిరిగి వెళ్లిపోయిన చోట ఎర్ర చీటీ. చివరికి నోటీసుల జవానుని కూడా వదల్లేదు. రెండురోజులు అతని వెనకాల వీధి వీధీ నడిచి, ఎక్కడ ఎన్నింటికి ఉంటాడు, ఎక్కడ టీ తాగుతాడు, ఏ కుక్కకి భయపడి సందు మారతాడు అన్నీ బొమ్మ గీసుకొచ్చింది. ‘పాపం చదువుకున్న పిల్లకి పనీపాటా లేదు’ అని మూడో కిటికీ అందరికీ వినబడేట్టే అంది. ఎవరూ నవ్వలేదు.

గడియారంలో మూడూ ఇరవై. ఆ సంచి ఆవిడ ఇంకా వెళ్లలేదు, మెట్ల కింద బెంచీ మీద కూర్చుంది, తేదీ చీటీ కోసం. అక్కడా వీపు గోడకే. చూడకు, అనుకుంది ఆమె, చూసింది. మణికట్లు చూసింది, అది ఆమె అలవాటు, ఎవరినైనా మొదట మణికట్టు దగ్గర చూస్తుంది. చెల్లెలి ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. మూత బిగించిన సీసా ఇస్తే నవ్వి ఎవరికో ఒకరికి అందిస్తుంది. అంటే, అందించేది, చూసి చాలా ఏళ్లయింది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది. అక్కకి కోర్టులో ఉద్యోగం వచ్చిందంటే చెల్లెలికి ఎంత ధైర్యం! దర్జీ కొట్టు మేడమీద గది తీసుకుని, వారంపాటు ఎవరికీ చెప్పకుండా ఉండి, అర్జీ పెడతానంటే అక్కే రాసిపెట్టింది, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ‘అడ్రసు రాయాలా అక్కా? రాయకపోతే ఏం?’ అంది చెల్లెలు. ‘ఖాళీ వదిలితే వెనక్కి పంపేస్తారే, రూలంటే రూలు’ అంది అక్క, కొత్త ఉద్యోగం కదా, రూలు అనే మాట నోట్లో తియ్యగా ఉండేది. అయిదోరోజు సాయంత్రం చెల్లెలి మొగుడు ఆ మేడమెట్లు ఎక్కాడు. చేతిలో నోటీసు కాపీ ఉంది. వాడు వెళ్లాక ఆ కాగితం మెట్లమీద దొరికింది, ముత్యాల్లాంటి అక్షరాలూ అలాగే ఉన్నాయి. చెల్లెలు ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉంది, నెలకోసారి ఫోను చేస్తుంది, ‘ఎక్కడుంటున్నావే’ అంటే ‘ఇక్కడే అక్కా, బాగానే ఉన్నా’ అంటుంది. ఇరవై మూడేళ్లయింది, ఆ ‘ఇక్కడే’ ఎక్కడో అక్కకు చెప్పలేదు.

అప్పట్నుంచి సొరుగులో బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. సంచి పట్టుకుని, వీపు గోడకి ఆనించి కూర్చునేవాళ్లు ఎవరొచ్చినా మూడో కిటికీ గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతుంది, ‘నువ్వు ఎక్కడున్నావో అవతలివాళ్లకి తెలియచ్చా అమ్మా?’ తెలియకూడదంటే కోర్టు కాపీలో అడ్రసు రాస్తుంది, అవతలి కాపీ టైపు చేసేటప్పుడు ఆ గడీలో ‘కోర్టు ద్వారా’ అని కొడుతుంది, అడ్రసున్న చీటీ డబ్బాలో పడేస్తుంది. అలా చేయమని రూల్లో లేదు. చేయొద్దనీ లేదు, కానీ తెలిస్తే ఊరుకోరు, రెండు కాపీలూ ఒకేలా ఉండాలి. అందుకే ఎవరూ చూడకుండా చేస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు మూడు నెలలు పక్కనే కళ్లు విప్పుకు కూర్చున్న చీటీల పిల్లకి కూడా చిక్కలేదు. ఆ పిల్లకి పదకొండింటికీ నాలుగింటికీ టీ కావాలి, వెళ్తే పది నిమిషాలు రాదు. సంచి వాళ్లని ఈమె ఆ పది నిమిషాలదాకా కూర్చోబెట్టేది. కూర్చో అమ్మా, ఒక్క నిమిషం, అనేది. కాబట్టి ఆ వరండా పొడుగు కాగితం మీద, అన్ని వందల చీటీల్లో, బిస్కెట్ల డబ్బాకి చీటీ లేదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. ఎలా తెలుస్తుంది, చెబితే కదా.

రెండు వారాల కిందట చెప్పమంది కూడా. అచ్చువేయబోయే ఫారం తెచ్చి బల్లమీద పరిచింది. ఒకదాని కింద ఒకటి మూడు పొరలు, పైన రాస్తే కిందికి పడుతుంది. ‘అక్కా, మీరు ఒక్కరు చూస్తే చాలు నాకు, ఎక్కడైనా లోపం కనిపిస్తే మొహమాటపడకండి’ అని ఒక పసుపు చీటీ, కలం చేతిలో పెట్టింది. చూసింది. చూడగానే నాలుగో గడీ కంట్లో గుచ్చుకుంది. పైనుంచి పసుపు కాగితం దాకా దిగిపోయే అడ్రసు. నోరు తెరిచింది కూడా. అప్పుడే ఆ పిల్ల ఒకటో కిటికీ వైపు తిరిగి ఏదో జోకుకి నవ్వింది. అంతే. ఇంతకంటే కారణమేమీ లేదు, ఏ దేవుడి ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెప్పాలి, ఆ నవ్వు చూసి ఆమె నోరు మూసుకుంది. పోనీ, రానీ, బయటికి రానీ. ఒక తప్పు పడితే అప్పుడు తెలుస్తుంది మూడో కిటికీ అంటే ఏమిటో, అప్పుడు పరిగెత్తుకుంటూ వస్తారు. పసుపు చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘అంతా బాగుంది’ అని రాసింది. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. దాన్ని తీసుకెళ్లి బోర్డు నడిమధ్యన అంటించింది, మిగతా చీటీలన్నీ చుట్టూ జరిపి. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఈ కుర్చీలోంచి చూస్తే కనిపిస్తుంది. ఆ రాత్రి నుంచి ఆమె ఆ తప్పు కోసం ఎదురుచూసింది, కానీ ఎదురుచూసిన తప్పుకి మొహం లేదు, బడిసంచి లేదు, తలెత్తి ఇటు చూసే కళ్లు లేవు. తప్పు అంటే కాగితం మీద తప్పే అనుకుంది. ఇన్నేళ్లు ఈ కిటికీలో కూర్చున్న మనిషి అలా ఎలా అనుకోగలిగిందో.

మూడూ ముప్పై అయిదు. సరే, ఒక పని చేయొచ్చు. ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాలుగింటికి పది నిమిషాల ముందు ఒకటో కిటికీవాడు నీళ్లసీసా నింపుకోవడానికి లేస్తాడు, అప్పుడు వెళ్లి ట్రేలోంచి ఆ కవరు తీసేసి, పసుపు కాపీ మళ్లీ టైపు చేసి, ‘కోర్టు ద్వారా’ అని కొట్టి, రేపటి ట్రేలో పడేస్తే సరి. ఆవిడ బతుకుతుంది. ఈవిడ పరువూ ఉంటుంది. రేపు ఇంకొకరొస్తే? రేపూ అలాగే. ఎల్లుండి? ఎల్లుండీ అంతే, రోజూ నాలుగింటికి పది నిమిషాల ముందు దొంగలా. వచ్చే సోమవారం నుంచి ఇదే ఫారం ఇంకా పదకొండు కోర్టులకి పోతోందట, అక్కడెక్కడా మూడో కిటికీ లేదు, బిస్కెట్ల డబ్బా లేదు. అది నేను చేసిన ఫారమా? కాదు. ‘అంతా బాగుంది’ అన్నది ఎవరు? తేలు కుట్టిన దొంగకి ఇంతకంటే గతేముంది, కెవ్వుమనడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. చెప్పేద్దామంటే ఇంకొకటి అడ్డుపడుతోంది, అది పరువు కూడా కాదు. చెబితే ఆ పిల్ల ఒక్క పూటలో ఆ ప్రశ్నని కూడా ఫారంలోకి ఎక్కించేస్తుంది, చక్కగా, పెద్ద అక్షరాలతో, ఆ గడీ కిందికి పడకుండా. ఇక ఆ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న కూడా తనది కాదు. డబ్బా ఖాళీ అయితే మూడో కిటికీకి మిగిలేది బాత్‌రూమ్ ఎటో చెప్పడమే. ఛీ, ఏం మనిషివే నువ్వు, ఒక ఆడదాని ప్రాణం పక్కన పెట్టుకుని నీ కిటికీ గురించి ఏడుస్తున్నావు, అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నా ఏడుపు ఆగలేదు.

మూడూ యాభైకి ఒకటో కిటికీవాడు లేచాడు. ఆమె కూడా లేచింది. రంగు గీతలు దాటి, బోర్డు చాటుకి వెళ్లి చూస్తే ట్రే ఖాళీగా ఉంది. అడుగున పచ్చరంగు వేసిన చెక్క తళతళలాడుతోంది, ఒక్క కవరు లేదు. ఆమె ట్రే పైకెత్తి కింద కూడా చూసింది.

“ఏం వెతుకుతున్నారు?” అన్నాడు ఒకటో కిటికీవాడు నీళ్లసీసా పట్టుకుని. “జవాను మూడున్నరకే పట్టుకెళ్లిపోయాడుగా. నాలుగింటికెళ్తే చీకటిపడి జనం తలుపులు తీయట్లేదని ఆ అమ్మాయే టైము మార్పించింది. సర్క్యులర్ వచ్చింది కదా, మీరూ సంతకం పెట్టారు.”

పెట్టింది. చదవకుండా. గుండెల్లో రాయి పడటం అంటారు, రాయి కాదు, దర్జీ కొట్టు మేడమెట్లు, ఒక్కొక్క మెట్టే ఎవరో ఎక్కుతున్న చప్పుడు. జవానుకి ఫోను చేస్తే అతని ఫోను ఒకటో కిటికీ బల్లమీదే మోగింది, ఛార్జింగులో. అప్పుడు ఆమె పరిగెత్తింది. యాభై నాలుగేళ్ల మనిషి, హాలు మధ్యలో ఆకుపచ్చ గీతకీ నీలం గీతకీ అడ్డంపడి పరిగెత్తింది, పెద్ద గుమాస్తా కళ్లద్దాలు తీసి చూశాడు. చీటీల పిల్ల జడ్జిగారి గది ముందు ఎవరికో గోడమీద బొమ్మలు చూపిస్తోంది. ఆమె వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. రహస్యంగా చెప్పాలనుకున్నది గట్టిగా వచ్చేసింది.

“అమ్మాయ్, ఇందాక తొమ్మిది నిమిషాలన్నావే, ఆవిడ దాక్కుని ఉంది. అడ్రసు పసుపు కాపీలోకి పడింది. అది వెళ్లిపోయింది.”

ఆ పిల్లకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత మొహంలో రంగు దిగిపోయింది. తల పక్కకి వంచలేదు ఈసారి. “ఫారంలోనే ఉందా తప్పు? మరి... ఇన్నాళ్లూ ఎలా ఆపారు?”

“నేను ఆపేదాన్ని. నువ్వు టీకి వెళ్లినప్పుడు.”

“ఈ ఫారంలో ఇలా అవుతుందని మీకు ఎప్పట్నుంచి తెలుసు?”

అబద్ధం నోటిదాకా వచ్చింది, ఇవాళే, ఇప్పుడే. “రెండు వారాలైంది,” అంది ఆమె. “నువ్వు చీటీ ఇచ్చిన రోజే.”

తిట్టనీ, చెంప పగలగొట్టనీ, అందుకు నిలబడింది ఆమె, కానీ ఆ పిల్ల అప్పటికే కిందికి వంగి మూల నిలబెట్టిన కాగితపు చుట్ట విప్పుతోంది, జవాను వెనకాల నడిచి గీసిన బొమ్మ. వేలు సందుల వెంట పరిగెత్తింది. ఇవాళ వారం ఏమిటి, ముందు బజారు వైపు రెండు నోటీసులు, తర్వాత వంతెన, మూడున్నరకి బయల్దేరాడు కాబట్టి నాలుగింటికి వంతెన దగ్గర టీ బండి, రెండు చెంచాల చక్కెర, పది నిమిషాలు కూర్చుంటాడు. “ఆవిడ్ని వెళ్లనివ్వకండి అక్కా,” అని మెట్లు దిగి పరిగెత్తింది. పనీపాటా లేదని తను వెక్కిరించిన బొమ్మ నేలమీద తెరుచుకుని ఉంది. అందులో కుక్క కూడా ఉంది, చిన్నది, తోకతో సహా.

మూడో కిటికీ మెట్ల కింద బెంచీ దగ్గరికి నడిచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కానీ ఆకులైనా పట్టుకోకుండా ఎలా ఉండటం? ఉన్నది ఉన్నట్టు చెప్పింది, కవరు సంగతి, జవాను సంగతి, తేగలరో లేదో తెలియదని, తేలేకపోతే ఈ పూటే ఎక్కడికి మారాలో తను చూసిపెడతానని. ఆవిడ అరవలేదు. బడిసంచి పట్టీ వేళ్లకి చుట్టుకుంది, విప్పుకుంది, మళ్లీ చుట్టుకుంది.

“ఆ గడీ దగ్గర నాకే అనుమానమొచ్చింది,” అంది ఆవిడ. “అడుగుదామని మీ వైపు చూశాను అక్కా. మీరేదో వెతుక్కుంటున్నారు.”

ఆ మాట అక్కడితో వదిలేయొచ్చు. అవునమ్మా, వెతుక్కుంటున్నాను, అనొచ్చు. ఆవిడ నమ్ముతుంది కూడా.

“ఏమీ వెతుక్కోవట్లేదమ్మా,” అంది మూడో కిటికీ. “నువ్వు చూడటం నేను చూశాను.”

ఆవిడ జరిగి కూర్చుంది. ఎక్కువ కాదు, జానెడు. ఆ జానెడు మధ్యలో ఇద్దరూ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. నాలుగూ ఐదు. నాలుగూ పన్నెండు. గుమ్మం దగ్గర ఏ నీడ పడినా ఆవిడ వెన్ను గోడకి అతుక్కునేది, ఆమెకి ఆ కదలిక బెంచీ చెక్కలోంచి తగిలేది. ఇంతలో కూడా, ఇంత భయంలో కూడా, ఒక మాట లోపలెక్కడో గొణిగింది, దొరికితే ఆ పిల్లకే దొరుకుతుంది, పరిగెత్తింది ఆ పిల్ల, ఈ సంచి ఆవిడ కూడా రేపు ఆ పిల్లకే దణ్ణం పెడుతుంది. పెట్టనీ. దొరకనీ చాలు. దొరికితే నేను కూడా పెడతాను.

నాలుగూ ఇరవైకి చీటీల పిల్ల గుమ్మంలోంచి వచ్చింది, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో, ఇంకో చేతిలో కవరు. కవరు ఆవిడ ఒళ్లో పెట్టింది. అంటించినది అంటించినట్టే ఉంది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, పిల్ల రెండు చేతులూ పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. మూడో కిటికీకి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కూడా. ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, నడిమధ్యన ఉన్న ‘అంతా బాగుంది’ చీటీ ఊడబెరికింది. వెనక్కి తిప్పి బోర్డుకే ఆనించి రాసింది, అక్షరాలు కోడిగీతల్లా వచ్చాయి: ‘మీరు ఎక్కడున్నారో అవతలివాళ్లకి తెలియచ్చా?’ అదే చోట అంటించింది. రాసిన ముక్క అక్కడ చూస్తే మంటగానే ఉంది, పిల్లనిచ్చి పంపినట్టుంది, అయినా ఊడబెరకలేదు. సొరుగు తీసి బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

చీటీల పిల్ల డబ్బా మూత తీయలేదు. మీద చెయ్యి మాత్రం పెట్టింది. ఆ పిల్ల గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. కానీ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చింది, మూడో కిటికీ లోపలికి, పాత చోటికే.

“ఇలాంటివి ఇంకా ఉన్నాయా అక్కా? నేను లేనప్పుడు చేసేవి?”

ఉన్నాయి. పద్నాలుగు ఉన్నాయి. లేవు అనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

“కూర్చో,” అంది మూడో కిటికీ. “ఈసారి టీకి మాత్రం వెళ్లకు.”